విడాకులు ముందా, ఐపీ ముందా? అప్పుల మధ్య విడిపోతున్న దంపతుల కోసం

పోయిన వేసవిలో ఒకావిడ బట్టల షాపు సంచిలో కాగితాలన్నీ కుక్కుకుని మా ఆఫీసుకి వచ్చింది. పైన కోర్టు నోటీసు, దాని కింద మనోవర్తి ఆర్డరు నకలు, అట్టడుగున నగలు కొన్న బిల్లులు. నోటీసు విప్పి చూస్తే భర్త ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాడు. అప్పులవాళ్లందర్నీ వరసగా ప్రతివాదులుగా చూపించాడు: వడ్డీకిచ్చినవాళ్లు, పురుగుమందుల కొట్టు, చీటీ నడిపేవాడు. పద్నాలుగో ప్రతివాది ఆవిడే. పేరుకి ఎదురుగా "మనోవర్తి బకాయి రూ. 1,62,000" అని టైపు చేసి ఉంది. నెలకు 9,000 చొప్పున పద్దెనిమిది నెలల బాకీ. "నాకూ నా బిడ్డకీ రావాల్సింది కూడా ఈ అప్పుల్లో కలిసి మునిగిపోయినట్టేనా అండీ?" అని అడిగింది.

కాదు. ఎందుకు కాదో చెబుతూ, ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు ఏది ముందు చేసుకోవాలో రాయాలని అప్పుడే అనుకున్నాను. అప్పులు, విడాకులు ఒకేసారి మీదపడ్డ ఇళ్లు మా సబ్ కోర్టు వరండాలో నాకు తరచూ ఎదురవుతుంటాయి. ఎక్కువమంది తప్పుడు వరసలో అడుగు వేశాక వస్తారు.

ముందు ఐపీ అంటే ఏమిటో చూద్దాం. మన ఊళ్లలో "ఫలానావాడు ఐపీ పెట్టాడు" అంటే చేతులెత్తేశాడని అర్థం. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. దీనికి ఆధారం 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. 2016లో దివాలా కోడ్ వచ్చింది కదా అంటారు. అందులో వ్యక్తుల భాగం ఇప్పటికి కంపెనీల అప్పులకు పర్సనల్ గ్యారంటీ ఇచ్చినవాళ్లకే 2019 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. వాళ్ల కేసులు కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్ అయిన ఎన్సీఎల్టీకి వెళతాయి. మామూలు ఉద్యోగి, రైతు, కొట్టు నడుపుకునేవాడు మాత్రం ఇప్పటికీ ఆ పాత చట్టం కిందే కోర్టుకి రావాలి. మన దగ్గర చాలాచోట్ల అది సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. చెన్నై నగరంలో ఉన్న తెలుగువాళ్లకైతే 1909 నాటి వేరే చట్టం.

ఐపీ పెట్టినంత మాత్రాన అప్పు రద్దు కాదు. కోర్టు విచారించి ఇన్సాల్వెంట్‌గా ప్రకటించాలి. అప్పుడు ఆస్తి రిసీవర్ (అప్పులవాళ్ల కోసం ఆస్తి చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి) చేతికి వెళుతుంది. ఆ తర్వాత కోర్టు చెప్పిన గడువులో డిశ్చార్జి (అప్పుల నుంచి విముక్తి) కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, లేకపోతే ప్రకటనే రద్దవుతుంది. ఆ దరఖాస్తు పెట్టినా, తాకట్టు లేని అప్పుల్లో రూపాయికి ఎనిమిది అణాల (అంటే సగం) విలువైన ఆస్తి కూడా మిగలలేదంటే, అది తన తప్పు వల్ల కాదని రుజువు చేసుకోవాలి. లేకపోతే పూర్తి డిశ్చార్జి రాదు. అణాల లెక్క నేటికీ చట్టంలో అలాగే ఉంది.

రెండు రకాల బాకీలు

ఇది అర్థమైతే సగం చిక్కు విడిపోతుంది. బ్యాంకు అప్పు, ప్రోనోటు అప్పు, క్రెడిట్ కార్డు బాకీ ఒక రకం. మనోవర్తి ఇంకో రకం. 1920 చట్టం 44వ సెక్షన్ ప్రకారం డిశ్చార్జి వచ్చాక మొదటి రకం బాకీలు పోతాయి. ప్రభుత్వ బకాయిలు, మోసంతో చేసిన అప్పులు, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద వేసిన మనోవర్తి ఆర్డరు బాకీలు మాత్రం పోవు. పాత కోడ్‌లో 488వ సెక్షన్, తర్వాత 125, 2024 జులై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 144. నంబర్లు మారాయి కానీ రక్షణ అదే. 2016 కోడ్‌ రాసినవాళ్లు కూడా ఏ చట్టం కింద వచ్చిన మనోవర్తి అయినా సరే, మాఫీ కాని అప్పుల జాబితాలోనే పెట్టారు.

1920 చట్టం మాటలు జాగ్రత్తగా చదివితే అందులో పేరు పెట్టి చెప్పింది క్రిమినల్ కోడ్ కింద వచ్చిన ఆర్డరు గురించే. హిందూ వివాహ చట్టం 24, 25 సెక్షన్ల కింద వచ్చే భరణం అందులో లేదు. అందుకే, విడాకుల కేసులో మధ్యంతర భరణం వస్తోంది కదా అని ఊరుకోకుండా, భర్త అప్పుల్లో ఉన్నాడని తెలిసిన రోజే ఎంసీ (క్రిమినల్ కోడ్ కింద వేసే మనోవర్తి కేసు) కూడా వేసుకోమని నేను గట్టిగా చెబుతాను. రెండు చోట్లా వేస్తే డబ్బు రెండుసార్లు రాదు, ఒకచోట వచ్చింది రెండోచోట సర్దుబాటు చేస్తారు. కానీ చేతిలో ఉన్న కాగితం బలం వేరు.

జీతం జప్తు లెక్కలోనూ ఈ తేడా కళ్లకి కడుతుంది. జప్తు లెక్కలోకి వచ్చే జీతం నెలకు 46,000 అనుకుందాం. బ్యాంకు డిక్రీ తెచ్చుకుని ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి వెయ్యి, మిగిలిన 45,000లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. అంటే 31,000 ఉద్యోగికి భద్రం, 15,000 దాకానే జప్తుకి దొరుకుతుంది. అదే మనోవర్తి డిక్రీ అయితే జీతంలో మూడో వంతు మాత్రమే భద్రం. 15,333 వదిలేసి మిగతా 30,667 దాకా జప్తు చేయవచ్చు. భార్యాబిడ్డల తిండిని చట్టం ఎక్కడ నిలబెట్టిందో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. ఫ్యాక్టరీ నష్టాల్లో ఉంది, ఇవ్వలేనని భర్త వాదించిన కేసులో, భార్యాపిల్లల మనోవర్తి హక్కు గౌరవంగా బతికే హక్కులో భాగమని, బ్యాంకులు తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం, దివాలా కోడ్ కింద అప్పులవాళ్లకున్న హక్కుల కంటే అదే ముందని చెప్పింది. మీ కేసులో బ్యాంకు కూడా ఉంటే ఆ తీర్పు నకలు మీ అడ్వకేటు ఫైల్లో ఉండాల్సిందే.

ఇవ్వాల్సినవాళ్లకి కూడా ఒక మాట. నిజంగానే ఆదాయం పడిపోతే బకాయిలు పేరబెట్టి ఐపీలో భార్య పేరు చేర్చడం దారి కాదు. మారిన పరిస్థితి చూపించి మనోవర్తి తగ్గించమని అదే కోర్టులో పిటిషన్ వేయాలి. కోర్టు వింటుంది. కట్టకుండా కూర్చుంటే ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు పడవచ్చు, దానికి ఐపీ అడ్డురాదు.

మొదటి దారి: విడాకులు ముందు

అప్పులు ఒకరివే, రెండోవాళ్ల సంతకం ఎక్కడా లేదు, ఇద్దరూ విడిపోవడానికి ఒప్పుకున్నారు. ఇలాంటప్పుడు ఇదే మేలు. భర్త చేసిన అప్పుకి భార్య, భార్య చేసిన అప్పుకి భర్త కేవలం ఆ బంధం వల్ల బాధ్యులు కారు. గోవా లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప మన దేశంలో దంపతుల ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి అప్పు అనే పద్ధతి లేదు.

పరస్పర అంగీకారంతో అయితే ఏడాది విడిగా ఉన్నాక పిటిషన్ వేయాలి, ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల లోపు రెండోసారి కోర్టుకి రావాలి. ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని, తగిన కేసుల్లో తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పులున్న ఇంట్లో ఆ తగ్గింపు అడగడం చాలా ముఖ్యం. మొదటి మోషన్‌కీ రెండో మోషన్‌కీ మధ్య భర్తో, ఆయన అప్పులవాళ్లలో ఒకరో ఐపీ వేశారంటే మీ ఒప్పందం మొత్తం గాలిలో వేలాడుతుంది. అందుకే పిటిషన్ వేసిన రోజే ఒప్పుకున్న మొత్తంలో సగమైనా డీడీగా తీసుకోండి. "చివర్లో అంతా కలిపి ఇస్తాను" అనే మాట అప్పుల్లో ఉన్న మనిషి నోటి నుంచి వస్తే నమ్మవద్దు. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఆ రోజుకి ఆ డబ్బు ఆయనదై ఉండకపోవచ్చు.

డబ్బుకి బదులు ఇల్లో స్థలమో రాయించుకుంటున్నారా? ఇక్కడే పెద్ద గుంట ఉంది. ఐపీ పిటిషన్ దాఖలైన రోజుకి ముందు రెండేళ్ల లోపు, సరైన ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీని రిసీవర్ రద్దు చేయించగలడు. 1920 చట్టం 53వ సెక్షన్. కాబట్టి గిఫ్ట్ డీడ్ అని ఒక్క ముక్కలో రాసి ఊరుకోకండి. ఏ బాధ్యతకి బదులుగా ఇస్తున్నారు, నెలకు ఎంత మనోవర్తి వదులుకుంటున్నారు, పిల్లల చదువు బాధ్యత ఎవరిది, ఆస్తి విలువ ఎంత, అన్నీ కోర్టు ముందు పెట్టిన ఒప్పందంలో ఉండాలి. ఆస్తి విలువకీ వదులుకున్న హక్కుకీ పొంతన కనపడాలి. యాభై లక్షల ఇల్లు రాసిచ్చి, "భార్యకి ఇంకే హక్కూ లేదు" అన్న ఒక్క వాక్యం ఉంటే అప్పులవాళ్ల లాయరు దాన్ని నిలబడనివ్వడు.

నెలనెలా తీసుకోవాలనుకుంటే భర్త స్థిరాస్తి మీద ఛార్జ్ (ఆ బాకీకి ఆస్తినే పూచీగా పెట్టడం) అడగండి. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద కోర్టు ఆ ఛార్జ్ పెట్టగలదు. అడక్కపోతే మనోవర్తి దానంతటదే ఆస్తి మీద భారం కాదు. డిక్రీలో ఛార్జ్ అన్న మాట ఉండి, అది ఈసీలో (ఆస్తి మీదున్న భారాలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం) కనపడేలా చేయించుకుంటే ఆ తర్వాత కొనేవాడైనా, అప్పిచ్చేవాడైనా దాన్ని చూసే ముందుకు రావాలి. ఇంత చిన్న పని చాలా డిక్రీల్లో జరగలేదు. చూసినప్పుడల్లా బాధేస్తుంది.

రెండో దారి: ఐపీ ముందు

అప్పులవాళ్లు అప్పటికే డిక్రీలు తెచ్చుకుని ఈపీలు వేసి, అరెస్టు వారంటు దాకా వచ్చినప్పుడు ఆగే వీలు ఉండదు. అప్పుడు ఐపీ ముందు వస్తుంది. ఇన్సాల్వెంట్‌గా ప్రకటించాక అప్పులవాళ్లు కోర్టు అనుమతి లేకుండా విడివిడిగా వెంటపడలేరు, అరెస్టు నుంచి రక్షణ ఆర్డరూ అడగవచ్చు. చెక్ బౌన్స్ కేసు మాత్రం క్రిమినల్ కేసు, ఐపీ పెట్టినంత మాత్రాన అది ఆగదు. ఇంటి లోనూ బంగారం లోనూ ఉంటే తాకట్టు ఆస్తి మీద బ్యాంకు హక్కుకీ ఐపీ అడ్డం రాదు.

ఈ దారిలో విడాకుల ఒప్పందానికి వచ్చే ప్రమాదం తేదీల్లో ఉంది. జనవరి 10న భర్త ఐపీ పెట్టాడు. జూన్‌లో పరస్పర అంగీకారం ఒప్పందం ప్రకారం ఇల్లు భార్య పేరున రిజిస్టరు చేశాడు. మరుసటి ఏడాది కోర్టు ఆయన్ని ఇన్సాల్వెంట్‌గా ప్రకటించింది. చట్టం ప్రకారం ఆ ప్రకటన వెనక్కి, జనవరి 10 నుంచే అమల్లోకి వచ్చినట్టు లెక్క. అంటే జూన్ నాటికి ఆ ఇల్లు ఇవ్వడానికి ఆయన చేతిలో లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు, ఫొటోలు అన్నీ సవ్యంగా పడ్డా దస్తావేజు కష్టంలో పడుతుంది. కాబట్టి ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆయన పేరు మీద ఐపీ నంబరు ఏదైనా ఉందేమో ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ జిల్లా కోర్టులన్నీ వెతికించండి.

అయినా ఐపీ ముందు రావడంలో భార్యకి ఒక లాభం ఉంది. ఐపీ పిటిషన్‌లో ఆయన ఆస్తులన్నీ షెడ్యూలు రూపంలో ప్రమాణం చేసి చూపించాలి. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ వేయాలని, ఇచ్చే మనోవర్తి దరఖాస్తు తేదీ నుంచే లెక్కించాలని 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు కాగితాలకీ సర్టిఫైడ్ కాపీలు తెచ్చి పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో ఉన్న ట్రాక్టరు ఇంకోదాంట్లో ఉండదు. ఒకదాంట్లో లేని బావమరిది అప్పు ఇంకోదాంట్లో ప్రత్యక్షమవుతుంది. నేను చేసిన కేసుల్లో గట్టి సాక్ష్యం చాలాసార్లు ఈ రెండు అఫిడవిట్ల మధ్య తేడాలోంచే దొరికింది.

అప్పు చేసింది భార్య అయితే

దీని గురించి ఎవరూ సరిగా చెప్పరు. బొటిక్ పెట్టో, చీటీలు నడిపో, ఇంటి కోసం తన పేరు మీద పర్సనల్ లోన్లు తీసుకునో అప్పుల్లో కూరుకుపోయిన ఆడవాళ్లు ఇప్పుడు చాలామంది వస్తున్నారు. విడాకులు కూడా నడుస్తున్నాయి. భర్త తరఫువాళ్లు "ఒకేసారి ఇరవై లక్షలు ఇస్తాం, వదిలేయండి" అంటారు. ఆ మొత్తం చూడగానే ప్రాణం లేచి వస్తుంది.

ఆగండి. ఇన్సాల్వెంట్‌గా ప్రకటించాక, డిశ్చార్జి రాకముందు చేతికి వచ్చిన ఆస్తి కూడా రిసీవర్‌కే చెందుతుంది. ఐపీలో ఉండగా వచ్చిన ఇరవై లక్షల భరణం మీకంటే ముందు మీ అప్పులవాళ్లని చేరుతుంది. భవిష్యత్తు మనోవర్తి హక్కుని మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు నుంచి మినహాయించింది. దాన్ని ఇంకొకరికి బదలాయించడానికీ వీల్లేదు. అంటే అప్పుల్లో ఉన్న భార్యకి నెలనెలా మనోవర్తి భద్రం, ఒకేసారి వచ్చే మొత్తం ప్రమాదం.

భర్త అప్పుల్లో ఉంటే దీనికి సరిగ్గా వ్యతిరేకం. నెలనెలా ఇచ్చే మాట రేపు నిలవకపోవచ్చు కాబట్టి, ఐపీ ఛాయలు కమ్ముకోకముందే సబబైన మొత్తం ఒకేసారి తీసుకోవడం మంచిది. ఇద్దరూ అప్పుల్లో ఉంటే? మనోవర్తి నెలవారీగా, పిల్లల ఫీజులు నేరుగా స్కూలుకి కట్టేలా, పైన ఆస్తి మీద ఛార్జ్. ఇంతకంటే గట్టి ఏర్పాటు నాకు తోచడం లేదు.

మీ సంతకం ఎక్కడెక్కడ ఉంది?

ఏ దారి ఎంచుకున్నా ముందు దీనికి జవాబు వెతకాలి. ఇంటి లోనులో కో-బారోయర్‌గా సంతకం పెట్టినవాళ్లు విడాకుల డిక్రీ చూపిస్తే బ్యాంకు వదలదు. "ఈఎంఐలన్నీ భర్తే కట్టాలి" అని డిక్రీలో ఉన్నా అది మీ ఇద్దరి మధ్య మాట. బ్యాంకు అందులో పార్టీ కాదు. ఆయన మానేస్తే మీ సిబిల్ దెబ్బతింటుంది, నోటీసు మీకే వస్తుంది. ఆయన ఐపీ పెట్టి డిశ్చార్జి తెచ్చుకున్నా అంతే. ఉమ్మడిగా సంతకం పెట్టినవాళ్లకి, ష్యూరిటీ ఉన్నవాళ్లకి ఆ డిశ్చార్జి వర్తించదని 44వ సెక్షనే చెబుతోంది. అసలు మనిషి బయటపడి, ష్యూరిటీ పెట్టిన భార్య చీటీ బాకీకి జీతం జప్తు చేయించుకున్న కేసు నా కళ్లెదుటే జరిగింది. ఆమె అంగన్‌వాడీ టీచరు. విడాకులై అప్పటికి మూడేళ్లు.

కాబట్టి ఒప్పందంలో రాసుకోవడంతో ఆపకండి. బ్యాంకు నుంచి రాతపూర్వకంగా మీ పేరు తీసేయించుకోవాలి, లేదా ఆ లోను ఆయన ఒక్కరి పేరు మీదికి మార్పించాలి. బ్యాంకు ఒప్పుకోకపోతే ఇల్లు అమ్మి లోను కట్టేసి మిగిలింది పంచుకోవడమే నయం.

జాయింట్ అకౌంట్ చెక్కు గురించి భయపడేవాళ్లకి కొంత ఊరట. చెక్కు మీద సంతకం చేసినవాళ్లే చెక్ బౌన్స్ కేసులో ముద్దాయి అని, అకౌంటులో పేరున్నంత మాత్రాన రెండోవాళ్లు కారని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఖాళీ చెక్కుల మీద మీరు కూడా సంతకాలు పెట్టిచ్చి ఉంటే మాత్రం కథ వేరు.

పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన పొలం, నగలు, పెళ్లిలో వచ్చిన సామాను స్త్రీధనం. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం అది ఆమె సొంతం, భర్త దివాలా తీసినా రిసీవర్‌కి దానిమీద హక్కు లేదు. మంగళసూత్రంలాగా ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి నుంచి తీయకూడని ఆభరణాలు ఆమె సొంత అప్పులకి కూడా జప్తు కావు. కానీ ఆ పొలాన్ని భర్త వ్యాపారం కోసం మీ సంతకంతోనే బ్యాంకులో తాకట్టు పెట్టి ఉంటే, స్త్రీధనం అన్న మాట బ్యాంకు ముందు పనిచేయదు. నగల బిల్లులు, పెళ్లి ఫొటోలు, పట్టాదారు పాసుపుస్తకం నకలు పదిలంగా దాచుకోండి. ఐపీలో "ఇంట్లోని బంగారం" అని ఒక్క మాటలో ఆయన ఆస్తిగా రాసేసిన షెడ్యూలు చూశాను. ఆ బిల్లులే ఆ నగలని కాపాడాయి.

భర్త 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద జీవిత బీమా తీసుకుని ఉంటే, అది భార్యాపిల్లల కోసం ట్రస్టు కింద లెక్క. అప్పులవాళ్లకి ఎగనామం పెట్టాలనే తీసుకున్నదని తేలితే తప్ప వాళ్లు దాన్ని ముట్టుకోలేరు.

మూడో దారి: ఐపీ లేకుండా

అప్పుల్లో ఎక్కువ భాగం బ్యాంకులది, అమ్మడానికి ఒక ఆస్తి ఉంది, ఇద్దరూ మాట్లాడుకునే స్థితిలో ఉన్నారు. అయితే నేను ఐపీ వద్దంటాను. బ్యాంకుతో ఓటీఎస్ (ఒకేసారి కట్టి తేల్చుకునే ఒప్పందం) మాట్లాడుకుని, లోక్ అదాలత్‌లో అవార్డు రాయించుకుని, ఆ తర్వాత విడాకుల మీద సంతకాలు పెట్టండి. లోక్ అదాలత్ అవార్డుకి డిక్రీ విలువ ఉంది, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. అప్పు తీరిన ఇంట్లో పంపకం గురించి తగాదా సగం తగ్గుతుంది. ఐపీ అయితే ఏళ్లు పడుతుంది, స్థానిక సంస్థల ఎన్నికల్లో నిలబడటానికీ అది అడ్డం. ప్రైవేటు వడ్డీ అప్పులు ఎక్కువై, పదిమంది పది వైపుల నుంచి లాగుతున్నప్పుడే ఐపీకి అర్థం ఉంది.

ఇంకో దారి గురించి కూడా వచ్చి అడుగుతారు: కాగితం మీద విడాకులు తీసుకుని, ఆస్తి భార్య పేరున పెట్టి, ఆ తర్వాత ఐపీ. దయచేసి ఆ పని చేయకండి. రెండేళ్ల నిబంధన, మోసపూరిత బదిలీ నిబంధన రెండూ మెడకి చుట్టుకుంటాయి. ఆస్తి దాచాడని తేలితే ఏడాది దాకా జైలు శిక్ష కూడా ఉంది. అంతకంటే నాకు ఎక్కువ భయం ఆ భార్య గురించే. కోర్టు ఇచ్చిన విడాకులు నాటకం కాదు. రేపు ఆ భర్త పోతే ఆవిడ చట్టం దృష్టిలో వితంతువు కాదు, వారసురాలు కాదు. ఆయన ఇంకో పెళ్లి చేసుకుంటే అడిగే హక్కు లేదు. అప్పులవాళ్ల నుంచి ఇల్లు కాపాడుకుందామని వేసిన సంతకంతో కాపురం నిజంగా పోగొట్టుకున్న మనిషికి ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

దివాలా తీయడం హిందూ వివాహ చట్టంలో విడాకులకి కారణం కాదని కూడా గుర్తుంచుకోండి. ముస్లిం స్త్రీలకి మాత్రం భర్త రెండేళ్లు పోషించకపోతే, కారణం ఏదైనా, 1939 చట్టం కింద వివాహ రద్దు కోరే హక్కు ఉంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి

అక్కడ పద్ధతి వేరు, కానీ ప్రశ్న ఇదే. అక్కడి దివాలా చట్టంలో చాప్టర్ 7 (ఆస్తి అమ్మి అప్పుల నుంచి బయటపడటం) లోనూ చాప్టర్ 13 (ప్లాను ప్రకారం వాయిదాల్లో కట్టడం) లోనూ చైల్డ్ సపోర్టు, అలిమొనీ మాఫీ కావు. విడాకుల్లో ఆస్తి పంపకం కింద ఒప్పుకున్న బాకీ చాప్టర్ 7లో మాఫీ కాదు, చాప్టర్ 13 ప్లాను పూర్తిచేస్తే కావచ్చు. కాబట్టి విడాకుల ఒప్పందంలో వచ్చే డబ్బు "సపోర్టు" పేరుతో ఉందా, "ప్రాపర్టీ" పేరుతో ఉందా అన్నది చాలా పెద్ద తేడా. టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాల్లో పెళ్లి తర్వాతి అప్పుల లెక్క మన దగ్గరిలాగా ఎవరి సంతకం వాళ్లదే అన్నట్టు ఉండదు. పిటిషన్ వేసిన 180 రోజుల్లోపు విడాకుల పంపకం కింద వచ్చిన ఆస్తి కూడా దివాలా ఎస్టేటులోకి వెళుతుంది. ఇద్దరివీ ఉమ్మడి అప్పులే అయి, ఒకే అడ్వకేటు ముందు కూర్చోగలిగితే, విడాకులకి ముందే కలిసి చాప్టర్ 7 వేసుకోవడం ఖర్చు తక్కువ. మాట్లాడుకునే స్థితి లేకపోతే ఎవరి అడ్వకేటుని వాళ్లు పెట్టుకోవాలి.

అడ్వకేటు దగ్గరకి వెళ్లే ముందు

ఒక్క ఆదివారం కూర్చుని ఇవి సిద్ధం చేసుకోండి. మీ సిబిల్ రిపోర్టు తీయించండి, మీకు తెలియకుండా మీ పేరు మీద ఉన్న లోన్లు అందులో బయటపడతాయి. ఇంటికీ పొలానికీ ఈసీ తీయించండి. ఎవరెవరికి ఎంత, ప్రోనోటు ఏ తేదీది, మీ సంతకం ఉందా లేదా ఒక కాగితం మీద వరసగా రాయండి. ప్రోనోటుకి మూడేళ్లు దాటితే చివరగా ఎప్పుడు జమ వేశారో కూడా రాయండి. మనోవర్తి ఆర్డరు ఉంటే ఏ నెల నుంచి రావడం లేదో లెక్క కట్టండి. బీఎన్‌ఎస్‌ఎస్ కింద వసూలు వారంటు కోసం బకాయి పడ్డ ఏడాదిలోపే పిటిషన్ వేయాలి. ఇది తెలియక పాత నెలలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

ఆ పద్నాలుగో ప్రతివాది మాత్రం మొదటి ఏడాదిలోనే ఆ పిటిషన్ వేసి ఉంది. ఐపీలో మేం వేసిన కౌంటరు రెండు పేజీలు. మనోవర్తి బకాయి ఈ పిటిషన్ వల్ల మాఫీ కాదని ఒక పేరా, షెడ్యూల్లో రాసిన బంగారం ఆవిడ స్త్రీధనమని ఇంకో పేరా, వెనక బిల్లుల జిరాక్సులు. ఎంసీ కోర్టులో వారంటు పిటిషన్ యథాప్రకారం నడిచింది. మొదటి విడతగా 54,000 డీడీ వచ్చిన రోజు ఆవిడ మళ్లీ అదే బట్టల షాపు సంచితో వచ్చింది. ఈసారి అందులో పిల్లాడి స్కూలు పుస్తకాల లిస్టు ఉంది.